ఎదురు బెంచీ

వీరేశం హోటల్‌లో ఫ్యామిలీ రూం తీసేస్తున్నామని సరిత ఫోన్ చేసినప్పుడు నేను ఇంట్లో కూర్చుని ఆ హోటల్ అన్నమే తింటున్నాను. బండి మీద వచ్చిన మనిషి గుమ్మంలో పెట్టిపోయిన సంచిలో బగారా అన్నం ఒక డబ్బాలో, మటన్ కూర ఒక డబ్బాలో ఉన్నాయి. పచ్చిపులుసు మాత్రం పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతికి రబ్బరు బిగించారు. ఆ ముడి విప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. ప్రతిసారీ కొంత పులుసు చొక్కా పాలవుతుంది.

“అన్నా, ప్లైవుడ్ మొత్తం చెదలు వట్టింది. కొత్తది ఎయ్యాలంటే ఎయ్యొచ్చు గని, ఇప్పుడు లోపట ఎవ్వలు కూసుంటలేరు. తీసేద్దామనుకుంటాన. అప్పుడు మా బాపుకు చెప్పి పెట్టిచ్చింది నువ్వే గద, నీ చెవులొక మాట ఏద్దామని చేసిన,” అన్నది సరిత. హోటల్ పెట్టిన వీరేశం కూతురు ఆమె. తండ్రి మంచాన పడ్డాక గల్లా పెట్టె ముందు కూర్చుంటున్నది.

“తీసెయ్ సరితా. నన్ను అడుగుడేంది?”

“అయితే ఐతారం రా. బెంచీ మీద కూసోని తినిపో. నువ్వు బెంచీ మీద తినంగ నేనెన్నడు సూడనే లేదు.”

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకు ఊహ తెలిసేనాటికే నేను తెర వెనకాల మనిషిని. కానీ నేను పుట్టి పెరిగిందే ఆ బెంచీ మీద అని ఆమెకు చెప్పాలనిపించింది. ఫోన్ పెట్టేసి అన్నం కలుపుకున్నాను.

కొత్తవాడలో మా సందు చివర, మగ్గాల చప్పుడు పల్చబడే చోట ఆ హోటల్ ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది. మగ్గాలే తగ్గాయి. నా చిన్నప్పుడు దాంట్లో కుర్చీలు లేవు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పొడుగాటి బల్ల, దానికి అటొక బెంచీ, ఇటొక బెంచీ. బెంచీల మీద చారల జంపఖానాలు పరిచి ఉండేవి. నేతలో పోగు తప్పి అమ్ముడుపోనివాటిని పక్క సందు నేతగాళ్ళే తెచ్చి వేసేవాళ్ళు. లోపలికి అడుగు పెడితే ముందు వేగిన ఉల్లిగడ్డ వాసన, తర్వాత పిసికిన చింతపండు వాసన, ఆ వెనకాలే మిరపకాయల ఘాటు తగిలేవి. ఆ ఘాటు వంటింట్లోది కాదు. ఎనుమాముల మిర్చి మార్కెట్ నుంచి వచ్చేవాళ్ళ బట్టల్లోది. సీజన్లో వాళ్ళు వచ్చి కూర్చోగానే ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్ళం. నేతగాళ్ళ వేళ్ళకు ఎర్రరంగు, నీలంరంగు అంటి ఉండేది. చెయ్యి చూసి ఎవరు ఏ పని నుంచి వచ్చారో చెప్పవచ్చు.

ఆ హోటల్‌కు ఒక పద్ధతి ఉండేది. అన్నం, కూర వీరేశం తెచ్చి వడ్డిస్తాడు. పచ్చిపులుసు మాత్రం గిన్నెలతో బల్ల మధ్యన పెట్టి, ఒక్కో గిన్నెలో ఒక గంటె వేసి పోతాడు. దాన్ని ఎవరికి వారు పోసుకోకూడదు. ఎదురు బెంచీ మీది మనిషి పొయ్యాలి, అతనికి మనం పొయ్యాలి. మొదట్లో ఇది వీరేశం తన కాళ్ళ నొప్పి కోసం పెట్టుకున్న ఏర్పాటే. “నాకున్నయి రెండే చేతులు. ఎదురుంగ కూసున్నోని చెయ్యి ఖాళీగనే ఉన్నది గద,” అనేవాడు. అది అలాగే నిలిచిపోయింది. కొత్తగా వచ్చినవాడు తెలియక గంటె అందుకుని తన కంచంలో పోసుకుంటే బల్లంతా నవ్వేది. “ఏందన్నా, ఎదురుంగున్నోడు నీ కండ్లకు ఆన్తలేడా?” అని ఎవరో ఒకరు అడిగేవారు. అందువల్ల ఆ హోటల్‌లో తల వంచుకుని తిని లేచిపోవడం కుదరదు. ఎంత కోపంలో ఉన్నా, ఎంత దుఃఖంలో ఉన్నా, పులుసు వేళకు తల ఎత్తి ఎదుటి మనిషి ముఖం చూడాల్సిందే.

మా బాపు పేరు సామ్యేలు. ఎనుమాముల మార్కెట్లో కాంటా వేసేవాడు. బస్తాల తూకం ఆయన చెయ్యి మీద నడిచేది. ఆ బస్తాలు మోసే హమాలీ మల్లన్న. మాకు వాళ్ళు చుట్టాలు కారు, మా మతమూ కాదు. అయినా ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అనుకునేవారు. అందుకని నాకు ఆయన మల్లన్న మామ, ఆయనకు నేను అల్లుణ్ణి. ఆదివారం ఆరాధన ముగియగానే బాపు తెల్లచొక్కా మడతలు సరిచేసుకుంటూ, బైబిలు సంచి నా భుజానికి తగిలించి, నేరుగా హోటల్‌కు నడిచేవాడు. అప్పటికే మల్లన్న మామ ఎదురు బెంచీ మీద బాపుకు ఎదురుగా ఉండే చోటు పట్టుకుని, రుమాలు పరిచి కూర్చుని ఉండేవాడు.

కంచంలో అన్నం పడగానే బాపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. మా బాపు ప్రార్థన పొడుగు. మార్కెట్లో దెబ్బ తగిలిన హమాలీ దగ్గర మొదలుపెట్టి, మా పక్కింటి బర్రె ఈనడం దాకా అన్నీ దేవుడికి చెప్పుకునేవాడు. ఆయన కళ్ళు మూసుకున్నంతసేపూ మల్లన్న మామ ఎదురు బెంచీ నుంచి చెయ్యి చాపి, బాపు కంచం మీద రుమాలు ఊపుతూ ఈగలు తోలేవాడు. తన కంచం మీద ఈగలు వాలినా పట్టించుకునేవాడు కాదు. చివరికి ఓపిక నశించి, “బావా, మీ దేవుడు ఇంకా వింటాండా? బగార సల్లగైతాంది,” అనేవాడు. బాపు కళ్ళు తెరవకుండానే, “నీ పేరు దగ్గరికే వచ్చిన, ఇడిచిపెట్టుమంటవా మరి?” అనేవాడు. “ఒద్దొద్దు, అది కానియ్యి,” అనేవాడు మల్లన్న మామ. ఆమెన్ అనగానే బాపు నవ్వేవాడు. ఆ నవ్వు గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. తల వెనక్కి వేసి, బల్ల మీద అరచేత్తో చరిచి నవ్వేవాడు. గిన్నెలో పులుసు వణికేది. వంటింట్లోంచి మా అమ్మ, “అయింది, ఆమెన్ అయింది,” అనేది.

అమ్మ వంటింట్లో ఎందుకుందో కూడా చెప్పాలి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళు కూర్చునేవారు కాదు. వద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. వీరేశం భార్య మా అమ్మను లోపలికి పిలిచి, పొయ్యి పక్కన పీట వేసి పెట్టేది. ఇద్దరూ మాట్లాడుకుంటూ తినేవారు. అమ్మకు అదే ఇష్టమని నేను అనుకునేవాణ్ణి. ఆమెను ఎన్నడూ అడగలేదు.

పులుసు పొయ్యడంలోనే మనిషి తెలిసిపోతాడని బాపు నమ్మకం. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్కలు, వేయించి దంచిన నువ్వుల పొడి అడుక్కి దిగిపోతాయి. గంటెతో అడుగు నుంచి కలిపి పోస్తేనే అవి కంచంలో పడతాయి. పైపైన ముంచి పోస్తే వచ్చేది ఉట్టి చింతపండు నీళ్ళే. కోపమొచ్చిన మనిషి తిట్టక్కర్లేదు, పైపైన ముంచితే చాలు. “అగో, మీ మామకు నా మీద కోపం లేసింది సూడు,” అని బాపు తన కంచం నాకు చూపించేవాడు. తూకంలో ఏదో మాట అనుకున్న వారం మల్లన్న మామ నిజంగానే అట్లా పోసేవాడు. బాపు మాత్రం అడుగు కలిపి పోసేవాడు. మరుసటి ఆదివారానికి అది సర్దుకునేది.

నేను చదువుకున్నాను. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతోపాటే ఒక కొత్త చూపూ వచ్చింది. దాన్ని అప్పుడు నేను శుభ్రత అనుకున్నాను. బల్ల మీది తడి మరక, మిరపకాయల ఘాటు, ఎంగిలి చేతులు అటూఇటూ చాపుకోవడం నా కళ్ళకు కనిపించడం మొదలైంది. హోటల్ మీద ప్రేమ మాత్రం పోలేదు. పోయి ఉంటే నా దారిన నేను వేరే హోటల్‌కు పోయేవాణ్ణి, ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఆ వంటే కావాలి, ఆ మనుషులు మాత్రం ఎదురుగా ఉండకూడదు. వీరేశాన్ని కూర్చోబెట్టి చెప్పాను. హన్మకొండలో అన్ని హోటళ్ళకూ ఫ్యామిలీ రూములున్నాయని, ఆడవాళ్ళు వస్తే ఎక్కడ కూర్చుంటారని, మా అమ్మ ఎన్నాళ్ళు వంటింట్లో పీట మీద తినాలని అడిగాను. అమ్మ మాట తెచ్చేసరికి ఆయన మెత్తబడ్డాడు. అమ్మను నేను అట్లా వాడుకున్నాను. మూల మీద ప్లైవుడ్ పలకలు నిలబెట్టి, లోపల సన్మైకా టేబుల్, కుర్చీలు వేసి, గుమ్మానికి ఆకుపచ్చ తెర కట్టించాడు. ఆ తెర గుడ్డ ఎంచి తెచ్చింది కూడా నేనే. అమ్మ ఒక్కసారి లోపల కూర్చుంది. “ఈడ గోడలతోటి మాట్లాడాల్నా?” అని లేచి మళ్ళీ పొయ్యి దగ్గరికే పోయింది.

ఒక ఆదివారం మా ప్రిన్సిపాల్‌ను, ఆయన భార్యను భోజనానికి పిలిచాను. ఇంటికి పిలవాలి నిజానికి. మా ఇల్లు చూపించడం ఇష్టం లేక హోటల్‌కు పిలిచాను. బాపును కూడా రమ్మన్నాను. చర్చి బట్టల్లో ఉంటాడు కదా, పర్వాలేదనుకున్నాను. వాళ్ళు రాకముందే బాపు వచ్చి తెర పక్కకు జరిపి తొంగిచూశాడు.

“మల్లన్న సుత ఉన్నడురా. మేమిద్దరం ఇటు మూలకు కూసుంటం.”

“లోపల జాగ లేదు బాపూ,” అన్నాను.

జాగ ఉంది. ఇంకో ఇద్దరు కాదు, నలుగురు పడతారు. బాపు ఆ ఖాళీ కుర్చీల వైపు ఒకసారి చూశాడు. “అయితే మేం బయిట కూసుంటం తియ్యి. వాడు ఒక్కడే ఎట్ల తింటడు,” అని తెర సరిగ్గా మూసి వెళ్ళాడు.

ప్రిన్సిపాల్ దంపతులు వచ్చారు. లోపల అందరికీ విడివిడిగా కప్పుల్లో పులుసు వచ్చింది. ఫ్యాను తిరుగుతున్నది. మేం ముగ్గురం కాలేజీ గురించి ఒకటీ అరా మాట్లాడుకుంటూ తింటున్నాం. బయట ప్రార్థన అయిపోయినట్టుంది. మల్లన్న మామ ఏదో అన్నాడు. బాపు నవ్వు మొదలైంది. ప్లైవుడ్‌కు ఆ నవ్వును ఆపే శక్తి లేదు. బల్ల మీద చరుపు కూడా వినిపించింది. ప్రిన్సిపాల్ చెయ్యి ఆపి, నవ్వుతూనే అడిగాడు, “ఎవరండీ అంత సంతోషంగా ఉన్నది?”

“ఎవరో మార్కెట్ వాళ్ళు సార్,” అన్నాను.

బయట నవ్వు ఆగింది. అది దానంతట అదే ఆగిందో, నా మాట విని ఆగిందో నాకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. భోజనాలయ్యాక మేం బయటికి వచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉంది.

ఆ సాయంత్రం బాపు ఎప్పటిలాగే మాట్లాడాడు. వినలేదని తేల్చుకున్నాను. ఆ తేల్చుకోవడంలో నాకున్న లాభం నాకు తెలుసు. తర్వాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. ఆదివారాలు మేం తెర వెనకాల, బాపు, మల్లన్న మామ తెర ముందర తినేవాళ్ళం. ఒకే వంట, ఒకే వేళ, మధ్యలో నేను ఎంచి తెచ్చిన గుడ్డ. నా పిల్లలు పరుగెత్తి తాత ఒళ్ళో కూర్చుని ఒక ముద్ద తిని వచ్చేవారు. వాళ్ళకు తెర అడ్డం కాలేదు. బాపు నవ్వు మాత్రం లోపలికి వినిపించడం మానేసింది. వయసు మీద పడుతున్నదనుకున్నాను. ఏళ్ళ తరబడి పీల్చిన మిరపకాయల దుమ్ము ఊపిరితిత్తులకు పట్టిందనుకున్నాను. దవాఖానలో పరీక్షలు కూడా చేయించాను. నవ్వు తగ్గడానికి నేను వెతకని కారణం లేదు, ఒక్కటి తప్ప. మల్లన్న మామ నన్ను ‘సారూ’ అనడం మొదలుపెట్టాడు. చదువుకు ఇస్తున్న మర్యాద అనుకున్నాను. బాపు పోయినప్పుడు ఆయన సమాధి దాకా వచ్చి, పిడికెడు మట్టి వేసి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. దుఃఖం అనుకున్నాను. ఆ తర్వాత నేను హోటల్‌కు పోవడం మానేశాను. ఫోన్లో తెప్పించుకోవడం అలవాటైంది.

సరిత చెప్పిన ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్ళాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. మల్లన్న మామ అక్కడ ఉంటాడు, ఆయన ఎదుటి చోటు ఖాళీగా ఉంటే నేను కూర్చోవాలి, ఆనాడు నా మాట బాపు విన్నాడో లేదో అడగాలి. ఆయన నాకు పులుసు పొయ్యకపోతే? ఆ బల్ల దగ్గర అంతకన్నా పెద్ద మాట లేదు. అందరి ముందూ కంచంలో పొడి అన్నం పెట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. రిటైరైన మనిషిని, తలంతా నెరిసినవాణ్ణి, పరీక్షకు పోతున్నట్టు నడిచాను. అయినా వెనక్కి తిరగాలని అనిపించలేదు. పోవాలన్నది ఖాయమైపోయింది.

ప్లైవుడ్ లేని హోటల్ నా చిన్నప్పటి కొలతకు వచ్చింది. మూలలో చెదల మట్టి గీత ఒకటి మిగిలింది. బల్ల అదే, పైన రేకు కొట్టించారు. అన్నిటికన్నా పెద్ద మార్పు మనుషుల్లో కనిపించింది. రెండు బెంచీల మీదా ఆడవాళ్ళున్నారు. చర్చి చీరల్లో ఇద్దరు, షాపింగ్ మాల్ ఐడీ కార్డు మెడలో వేసుకున్న ఒక అమ్మాయి, చంటిబిడ్డ తల్లి. ఆ తల్లికి ఎదుటి నేతగాడు పులుసు పోసి, “బిడ్డకు కారం తగల్నియ్యకు చెల్లె,” అంటున్నాడు. మా అమ్మ ఈ బల్ల మీద ఒక్కపూట కూడా తినలేదు. ఆమెకు ఇక్కడ చోటు చెయ్యమని అడగాల్సింది పోయి గోడ కట్టించాను. అప్పటికన్నా ఇప్పుడు ఈ హోటల్ మంచిది. ఈ మాట అనడానికి నాకేమీ సందేహం లేదు.

మల్లన్న మామ ఉన్నాడు. ఎండిపోయాడు. రుమాలు పరిచి, అదే చోట కూర్చున్నాడు. ఆయనకు ఎదురుగా ఖాళీ ఉంది. కూర్చున్నాను. ఆయన తల ఎత్తలేదు. సరిత అన్నం, కూర పెట్టి, ఇద్దరినీ ఒకసారి చూసి, గిన్నె మధ్యకు జరిపి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు. తెరిచేసరికి నా కంచం అంచున ఈగ ఉంది. గంటె అందుకుని, అడుగు నుంచి కలిపి ఆయన కంచంలో పోశాను.

ఆయన ముద్ద కలపలేదు. “మా అసుంటోల్లకు ఎందుకు పోస్తవు సారూ,” అన్నాడు. “మేం ఎవరో మార్కెట్టోల్లం.”

బల్ల దగ్గర మిగతావాళ్ళు వాళ్ళ మాటల్లో వాళ్ళున్నారు. నా చెయ్యి గంటె మీదే ఉండిపోయింది.

“బాపు సుత విన్నడా మామా?”

“నాకంటే ముందుగాల ఆయినకే ఇనపడ్డది. కాంటా కాడ గంత లొల్లిల సుత మాట వట్టే చెవులు గద.”

“ఏమన్నడు?”

ఆయన రుమాలు మడత సరిచేశాడు. “ఏమంటడు. నా చెయ్యి వట్టుకొని, ‘బావా, జర మెల్లగ మాట్లాడు, లోపట మా పోరని సార్లు తింటాండ్రు’ అన్నడు. గంతే. నేను లేస్తనన్న. లేవనియ్యలే. కంచం ఖాళీ జేసినంకనే లేచినం.” మళ్ళీ తనే అన్నాడు, “గా దినం సంది మీ బాపు ఈ హోటల్ల గట్టిగ నవ్వలే. నేను నవ్విద్దామని ఎన్ని తీర్ల జూసిన. నవ్వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం వెట్టుకునేటోడు. తెర దిక్కు సూసేటోడు.”

దవాఖాన పరీక్షలన్నీ గుర్తొచ్చాయి. ఆయన ఊపిరితిత్తుల ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది నేనే.

“తప్పయింది మామా,” అన్నాను. లెక్చరర్‌గా ఎన్నేళ్ళు మాట్లాడానో, ఆ మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

“నాకు చెప్తే ఏమొస్తది సారూ. ఇనేటోడు పాయె.” ఆయన ముక్కు తుడుచుకున్నాడు. చుట్టూ అందరూ తింటున్నారు. నా కంచంలో అన్నం పొడిగానే ఉంది. పక్కనున్న ఐడీ కార్డు అమ్మాయి మా ఇద్దరినీ చూసి, “తాతా, అంకుల్‌కు పొయ్యలే నువ్వు,” అన్నది. మల్లన్న మామ ఆమెను చూసి, నన్ను చూసి, గంటె తీసుకున్నాడు. గంటె గిన్నెలోకి దిగలేదు. పైపైన ముంచి పోశాడు. అన్నం మీద ఉట్టి చింతపండు నీళ్ళు పడ్డాయి. ఒక్క ఉల్లిగడ్డ ముక్క లేదు, ఒక్క నువ్వు లేదు. నేను కలుపుకుని తిన్నాను. కంచం ఖాళీ చేశాకే లేచాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోతున్నాను. ఫోన్లో తెప్పించుకోవడం మానేశాను. మల్లన్న మామ ఎదుటి చోటు నా కోసం ఎవరూ ఆపరు, అందుకని ఆరాధన కాగానే గబగబా నడుస్తాను. మేం పెద్దగా మాట్లాడుకోం. మార్కెట్ ధరలు, ఆయన మోకాళ్ళు, వీరేశం ఆరోగ్యం. నన్ను ఇంకా సారూ అనే అంటున్నాడు. నాకు ఇంకా పైపైన ముంచే పోస్తున్నాడు. అది ఆయన హక్కు. ఎన్ని ఆదివారాలు పోస్తాడో ఆయన ఇష్టం. నేను మాత్రం గంటె గిన్నె అడుక్కి తగిలేదాకా దించి, కలిపి పోస్తాను. ఆయన మాట్లాడకుండా తింటాడు. మిగిలిన కొద్ది పళ్ళ కింద ఉల్లిగడ్డ ముక్కలు నలిగే చప్పుడు వినిపిస్తుంది. ఆయన ఉండేది బల్లకు అవతలే కదా, బాగానే వినిపిస్తుంది.